మూల దాకా వెళ్ళిన బేరం

నిప్పుల మీద లక్క మెత్తబడేటప్పుడు ఒక వాసన వస్తుంది. కాస్త కాలిన బెల్లంలా, కాస్త గుగ్గిలంలా. ఈ ఉదయం లాడ్ బజార్‌లో మా గాజుల దుకాణం తెరిచి కుంపటి రాజేయగానే ఆ వాసన లేచింది. దాని వెంట నర్సింగ్ బాపు, బాపు వెంట నా తెలివితక్కువతనం వరసగా గుర్తొచ్చాయి. నలభై దాటితే అందరికీ సైటు వస్తుంది. నేను మాత్రం సొంతంగా చేసుకున్నాను. దాంతో చూపు మెరుగుపడకపోగా, కళ్ళముందున్న దుకాణమే కొద్దిలో మాయమయ్యేది.

బాపు నాకు చుట్టం కాదు, యజమాని. శాలిబండ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లక్కగాజుల పనీ, అంతకంటే కష్టమైన గిరాకీ పనీ నేర్పాడు. ముందు మణికట్టు చూడాలి, గాజును వేడిచేసి కొలతకు సరిచేయాలి, తొడిగాకే ధర మాట. మొదటి ధర ఎవరూ ఇవ్వరు, ఇస్తారని మేమూ చెప్పం. "వద్దులే" అని మెట్టు దిగిన మనిషి మూల మీది చాయ్ హోటల్ చేరేలోపు మేం పిలవాలి. "మెట్టు దిగెటోళ్ళు పోనీకి దిగరురా, పిలిపించుకోనీకి దిగుతరు" అనేవాడు బాపు.

మోకాళ్ళు మొరాయించాక ఒకరోజు తేల్చేశాడు. "కూసుంటే లేవస్తలేదు శీనూ. ఫోన్ కవర్లమ్మెటాయన దుకాణం కిరాయికి అడుగుతుండు. ఇప్పుడందరు అన్నీ ఫోన్లనే చూస్తున్నరంట. ఈ పెండ్లిల సీజన్ల గట్ల చూసి ఒక్క గిరాకన్న మెట్టెక్కితే దుకాణం నువ్వే నడుపుకో. లేకుంటే ఆయనకిచ్చేస్త."

"నేనే చేస్త బాపూ, వెబ్‌సైటు."

"పెండ్లికి వంటోణ్ని పిలుస్తం గని, పెండ్లికొడుకు గరిట పడ్తడా? తెలిసినోళ్ళను పిల్వు."

పిలిచాను. యాకుత్‌పురా నుంచి సబీహా వచ్చింది. వెబ్‌సైట్లు చేయడమే ఆ అమ్మాయి పని. ల్యాప్‌టాప్ తెరిచి, గాజులన్నీ చూసి, తన ఫీజు చెప్పింది. అలవాటు కొద్దీ నేను సగమన్నాను. "నై భయ్యా, ఫిక్స్ రేటు" అంది. మెట్టు దిగేశాను. దుకాణం మాదే, అయినా దిగింది నేనే. మెల్లగా నడిచాను. మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకున్నాను. మూల దాకా వెళ్ళి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. తిరిగి చూస్తే ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ సర్దుకుని, బాపుకు సలాం చెప్పి, నా పక్కనుంచే వెళ్ళి షేర్ ఆటో ఎక్కింది.

"ఏందిరా," అన్నాడు బాపు నేను తిరిగొచ్చాక, "మన దుకాణంల నువ్వే గిరాకీ అయినవా?"

ఆ పంతంతో సైటు చేయడానికి నేనే కూర్చున్నాను. ఎర్రటి తెర, దాని మీద గిర్రున తిరిగే బంగారు గాజులు, తెరవగానే షెహనాయి. అది తెరుచుకునేలోపు బిర్యానీకి దమ్ పట్టేది. గాజుల కింద ధరలు కూడా రాశాను, మా ఆనవాయితీ ప్రకారం మొదటి ధరలు. సీజన్ సగం గడిచేసరికి వచ్చింది ఒకే ఒక్క ఫోన్. "అమ్మో, ఇంత రేటా అండీ?" అని ఆవిడ పెట్టేసింది. మళ్ళీ చేస్తుందేమోనని నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

బాపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మొదటి మాట రాసినవ్, మంచిగుంది. రెండో మాట ఎవరు చెప్తరురా, గా తిరిగే గాజా? మెట్టు దిగినోళ్ళను నీ సైటు పిలుస్తదా?"

నేను శబ్దం తగ్గించబోయాను. షెహనాయి మాత్రం మోగుతూనే ఉంది.

ఆయనే సబీహాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, మావోడు ఇంకా మూల మీదనే నిలబడ్డడు. నువ్వొచ్చి పిల్వు." వచ్చింది, ముందు చెప్పిన ఫీజుకే. షెహనాయి ఆపింది, ధరలు తీసేసింది. బాపు చెప్పినట్టు, 'చెయ్యి చూపించండి, ధర మాట్లాడుకుందాం' అని ఒక్క మీట పెట్టింది. నొక్కితే దుకాణంలో వీడియో కాల్ మోగుతుంది. సీజన్ చివర్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి తల్లీకూతుళ్ళు మెట్టెక్కారు. "వెబ్‌సైటులో చూసి వచ్చామండీ. మీ దగ్గర బేరం ఉంటుందట కదా?" బాపు నా వైపు చూడలేదు. కుంపట్లో బొగ్గులు ఎగదోశాడు. ఫోన్ కవర్లాయన వేరే చోటు చూసుకున్నాడు.

దుకాణం నిలబడింది కానీ నా పరువు నిలబడలేదు. ప్రతి గిరాకీకీ గాజులతో పాటు నా మూల కథ కూడా తొడిగి పంపేవాడు బాపు. ఒకరోజు సైటులో మొదటి ఫోటో తనదే ఉండాలన్నాడు. "గాజులుండాలె గని బాపూ, నిన్నెవరు తొడుక్కుంటరు?" అన్నాను. అలిగి మెట్టు దిగాడు. మోకాలు పట్టుకుంటూ మెల్లగా నడిచి, మూల మీది చాయ్ హోటల్ ముందు అటు తిరిగి ఆగాడు. నేను పిలవలేదు. ఫోన్ తీసి ఫోటో తీశాను. కాసేపటికి తనే తిరిగొచ్చి, ఆయాసపడుతూ కూర్చున్నాడు. "నేర్పినోణ్నే నిలబెడ్తవురా" అని నవ్వాడు.

బాపు ఇప్పుడు లేడు. మెట్టు దిగిన వాళ్ళను మూల చేరకముందే పిలవడం మాత్రం నాకు మిగిలింది. పిలిచే గొంతు కూడా ఆయనదేనంటుంది, సైటు పనికి వచ్చే సబీహా. ఆయన ఫోటో కోరిక కూడా, అలిగిన ఆ వారమే తీర్చేశాను. మా సైటు తెరిస్తే మొదటి ఫోటో ఆయనదే. ముఖం కనబడదు. తెల్ల చొక్కా వీపు, చాయ్ హోటల్ బల్ల, దుకాణం వైపు తిరిగిన ఒక చెవి.