అడ్డాకుల మీద టీకా

హుకుంపేట దాటి కొండెక్కితే వచ్చే ఆ ఊరికి పద్నాలుగే గడపలు. టీకాల ఐసు పెట్టె భుజాన వేసుకుని నేను ఆ దారి పట్టి చాలా ఏళ్లయింది. మైదానంలో పుట్టినదాన్ని, నోరు కాస్త పెద్దది. "నర్సమ్మ అరుపు ముందొత్తాది, ఆవిడ ఎనకొత్తాది" అని అక్కడ నన్ను వెక్కిరిస్తారు. నిజమే, కాదనను.

ఆ ఊళ్లో ఒక మామ్మ ఉంది. పండక్కి మేకను కోస్తే పోగులు పెట్టేది ఆవిడే. నేల మీద అడ్డాకులు పరిచి, ఏ ఇంటికీ ముక్క ఎక్కువా తక్కువా కాకుండా సర్దుతుంది. ఆఖరి ఇల్లు వచ్చి తన వాటా ఎత్తేదాకా ఎవరూ అక్కడి నుంచి లేవరు.

న్యుమోనియా టీకా కొత్తగా వచ్చినప్పుడు ఆ మామ్మే అడ్డుపడింది. నెలన్నర మనవరాలిని ఒళ్లో దాచుకుని, "ఇన్ని సూదులేటమ్మా పసిగుంటకి? ఈ ఒక్కటీ ఒగ్గీయి" అంది. వెళ్లిన ప్రతిసారీ గొడవపడ్డాను. ఇంతలో పిల్లకు ఏడాది దాటిపోయింది. ఆ వయసు దాటాక మా దగ్గర ఆ టీకా మొదలుపెట్టే వీల్లేదు.

ఏడాదిన్నరకు పిల్లకు నిమ్ము చేసింది. గడియారం పెట్టి ఊపిరి లెక్కపెట్టాను, వేగంగా ఉంది. యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చి, ఐదు రోజులు పొద్దునా సాయంత్రం పట్టమని చెప్పి కొండ దిగాను. మూడో రోజు మళ్లీ వెళ్తే పిల్ల డొక్కలెగరేస్తోంది. సీసా చూస్తే ఖాళీ.

"ఐదు రోజుల మందు అప్పుడే ఎలా అయిపోయింది?" అని అరిచాను.

"దగ్గుతున్న గుంటలందరికీ తలో మూతా పంచీసేను" అంది మామ్మ. "పక్కింటి పిల్లలు దగ్గుతుంటే మన గుంటకే పోసుకుని సూత్తా కూకుంటామేటి?"

ఊరందరి ముందూ ఆవిడను నోటికొచ్చినట్టు తిట్టాను. పిల్లను డోలీలో రోడ్డుదాకా దించి ఆసుపత్రికి చేర్చాం. అక్కడ మామూలు మందుకు జబ్బు లొంగలేదు. డాక్టరు ఇంజెక్షన్ మార్చాక గానీ పిల్ల కళ్లు తెరవలేదు.

పిల్ల కోలుకున్నాక మామ్మ నా పక్కన కూర్చుని, "నాను సేసిన తప్పేటో సరిగ్గా సెప్పు" అంది. ఈసారి అరవలేదు. నిమ్ము తెచ్చే న్యుమోకోకస్ అనే క్రిమి పిల్లల ముక్కుల్లో కాపురముంటుందని, దగ్గులో తుమ్ములో ఒకరి నుంచి ఒకరికి పోతుందని చెప్పాను. అరకొర మందు వేస్తే చావకుండా మిగిలినవి ఆ మందుకు రాటుదేలతాయని, టీకా వేయిస్తే అసలు జబ్బు పడే పిల్లలే తగ్గుతారని చెప్పాను. ఈ పిల్లకు మామూలు మందు పనిచేయనిది అందువల్లేనని నేను ఖాయంగా చెప్పలేను. కానీ తప్పు నాదీ ఉంది. ఐదు రోజులన్నాను గానీ, ఎవరికీ పంచొద్దని అనలేదు. ఏదీ ఒంటరిగా తినని ఊరని తెలిసి కూడా నాకు తట్టలేదు.

మామ్మ, "అయితే మందు పంచకూడదు. టీకా పంచాల" అంది.

మొన్న కాఫీ పళ్లు కోసే రోజుల్లో టీకాలకని వెళ్లాను. ఏడాది లోపు పిల్లలు నలుగురున్నారు. మామ్మ నేల మీద నాలుగు అడ్డాకులు పరిచి ఉంచింది. మూడింటి మీద తల్లులు టీకా కార్డులు పెట్టి కూర్చున్నారు. నాలుగోది ఖాళీ. మొదటి సూదికి బిడ్డకు జ్వరం వచ్చిందని, ఇక చచ్చినా రానని ఆ తల్లి తోటకు వెళ్లిపోయిందట. ముగ్గురికీ టీకాలు వేశాను. ఎంత చూసినా నాలుగో తల్లి రాలేదు. ఇక లాభం లేదని పెట్టె ముయ్యబోతే మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వాటా ఎత్తకుండా ఆకుంటే ఎలా లేత్తావు? కూకో."

కూర్చున్నాను. పనులు మానుకుని ఊరంతా కూర్చుంది, తోటకు కబురు వెళ్లింది. చివరికి ఆ తల్లి బిడ్డను వీపున కట్టుకుని దిగివచ్చింది. "నా ఒక్కదాని కోసం అందరూ ఎండలో కూకుంటే రాకేటి సేత్తాను" అని గొణుగుతూ కార్డు ఆకు మీద పెట్టింది. బిడ్డ కుడి తొడకు టీకా వేస్తుంటే నా చేతికి ఎక్కడలేని బలం వచ్చింది.

ఇంతలో మామ్మ మనవరాలు, ఇప్పటికి నాలుగేళ్ల గుంట, ఆకులన్నీ చూసుకుని, "నా ఆకేది మామ్మా?" అంది.

ఊరందరి ముందూ మామ్మ చెప్పింది. "నీ వాటా నానే పోగొట్టీసేనే. అందుకే ఇంకెవరిదీ పోనీను."

నేను పుట్టింది మైదానంలోనే. కానీ మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే, ఇప్పుడు ఆ పద్నాలుగు గడపల పేరే చెబుతున్నాను.