జ్వరమొచ్చిన సాక్షి

1962 జూన్‌లో నాకు మొదటి పోస్టింగు వచ్చింది. మాది కరీంనగర్. వేసింది ఆదిలాబాద్ జిల్లాలో, నిర్మల్ అవతల ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు, బి.ఇడి. అసిస్టెంటుగా. అంటే పై తరగతులకు చెప్పే ట్రెయినింగు అయిన పంతులు. మొదట్లో ప్రొబేషను ఉంటుంది. ఆ కాలంలో సర్వీసు రిజిస్టరులో మచ్చ పడితే ఉద్యోగం పర్మనెంటు కావడం కష్టమే.

శుక్రవారం ఆఖరి పీరియడు నీతిబోధ. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. సీనియర్లంతా తప్పించుకోగా పదో తరగతి నీతిబోధ కొత్తవాణ్ణి కనుక నా నెత్తిన పడింది. పదహారేళ్ల పిల్లలకు సాయంత్రం పూట నీతి చెబితే వినరు. అందుకని మనకు ఏదైనా ఎలా తెలుస్తుందన్న పాఠం మొదలుపెట్టాను. కళ్లారా చూస్తే ప్రత్యక్షం. గుర్తును బట్టి కనబడనిదాన్ని తేల్చుకుంటే అనుమానం. నమ్మదగిన మనిషి చెబితే శబ్దం. ఆ పీరియడులో ఎవరేమన్నా సరే, మిగతావాళ్లు “నీకెట్ల ఎర్క?” అని అడగవచ్చు. అన్నవాడు ఈ మూడు ప్రమాణాల్లో ఏదో చెప్పుకోవాలి.

నెల తిరగకుండానే ఆ ప్రశ్న ఊరంతా పాకింది. ఒక తల్లి నేరుగా బడికే వచ్చింది. “గిదేం సదువు సార్? పాలు పిల్లి తాగిందంటే, నీకెట్ల ఎర్క అవ్వా, చూసినవా అంటుండు. పిల్లి మూతికి మీగడున్నది! ఇంకేం చూడాలె?” దాన్నే అనుమాన ప్రమాణం అంటారని చెప్పాను. “అబ్బో, దానికో పేరు గూడ ఉన్నదా!” అని సంతోషంగా వెళ్లిపోయింది.

ఇక నా నిర్వాకం చెప్పుకోవాలి. నాకు కుస్తీలంటే ప్రాణం. అటువైపు జాతరల్లో కొబ్బరికాయ పందెంగా పిల్లల కుస్తీలు మొదలై, వెండి కడెం పందెంతో ముగుస్తాయి. ఆ చలికాలం ఒక బుధవారం పది మైళ్ల దూరంలో కుస్తీలున్నాయని తెలిసింది. కుస్తీలు చూడాలని రాస్తే హెడ్మాస్టరు సెలవివ్వరు. అందుకని జ్వరమని చీటీ రాసి పొద్దున్నే అటెండరుతో పంపించి, తలకు తువ్వాలు చుట్టుకొని బయలుదేరాను.

మధ్యాహ్నం బరిలోకి ఎర్ర లంగోటీతో దిగినవాణ్ణి చూసి ఉలిక్కిపడ్డాను. వాడు మా పదో తరగతి పోశెట్టి. అక్కడితో గమ్మున ఉంటే సరిపోయేది. పట్టు బిగిసేసరికి ఒళ్లు మరచి, “నడుం పట్టురా పోశెట్టీ!” అని అరిచాను. వాడు ఆ గొంతు గుర్తుపట్టి ఇటు తిరిగాడు. ఆ క్షణంలోనే అవతలివాడు వాణ్ణి ఎత్తి పడేశాడు. వాడు కింద పడి ఉండి నన్ను చూశాడు. చూసి నవ్వాడు కూడా, దొంగవెధవ.

గురువారం బడికి వెళ్తే గొడవగా ఉంది. బుధవారం మధ్యాహ్నం తిండి విరామం తర్వాత మోగించిన ఇత్తడి గంట, బడి వదిలే వేళకు కనబడలేదట. హెడ్మాస్టరు నర్సింగరావు గారు అప్పుడే దొంగను తేల్చేశారు. పోశెట్టి ఆ రోజు చీటీ కూడా ఇవ్వకుండా బడి మానాడు. పైగా ఆ గంటను బావిలో వేస్తానని ఒకసారి అన్నాడు. దొంగతనమని రాసి టి.సి. ఇచ్చేస్తామన్నారు. ఆ మాట పడ్డ టి.సి. పట్టుకొని వెళ్తే ఏ బడీ చేర్చుకోదు. మార్చి పరీక్ష పోయినట్టే, వాడి చదువూ అక్కడితో సరి.

ఆ మధ్యాహ్నం వాడు పది మైళ్ల అవతల బరిలో ఉన్నాడని నాకు తెలుసు. నోరు విప్పితే నా ప్రొబేషను. విప్పలేదు.

శుక్రవారం నా పీరియడుకే హెడ్మాస్టరు గారు విచారణకు వచ్చారు. చేతిలో రాసిన టి.సి. ఉంది. పోశెట్టి లేచి, తాను కుస్తీలకు పోయానన్నాడు. సాక్ష్యం ఎవరని ఆయన అడిగారు.

“ఒకాయన చూసిండు సార్. పెద్దమనిషే. పేరు నేను చెప్ప.”

“ఎందుకు చెప్పవురా?”

“ఆయనకు జెరమొచ్చింది సార్.”

నా వైపు చూడనైనా లేదు. చూసి ఉంటే ఎలాగో తట్టుకునేవాణ్ణేమో. లేచి, ఆ సాక్షిని నేనేనని, జ్వరం అబద్ధమని చెప్పేశాను.

నర్సింగరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “మొన్న కాగితం మీద అబద్ధం రాసిండ్రు. ఇయ్యాల నిజం చెప్తుండ్రని నాకెట్ల ఎర్క గంగాధర్ గారు?” నా ప్రశ్న నాకే తగిలింది. ఇద్దరికీ చెరో కాగితమిచ్చి చెరో మూల నిలబెట్టి, కుస్తీ ఎలా ముగిసిందో రాయమన్నారు.

పైకి చదివారు. నాది: “పోశెట్టి ఓడాడు. వీపు మట్టికి తాకింది.” వాడిది: “నేనే గెలిచిన.”

తరగతి గొల్లుమంది. “వీపు తాకలే సార్, భుజమొక్కటే తాకింది!” అని వాడు ఏడుపు గొంతుతో అరిచాడు. ఓరి నీ రోషం తగలెయ్య, టి.సి. చేతికొస్తుంటే కుస్తీ గురించా! హెడ్మాస్టరు గారు ఇద్దరం అబద్ధాలకోరులమే అన్నారు.

అప్పుడు ముందు బెంచీలోంచి లక్ష్మీబాయి లేచింది. తరగతిలో ఉన్న ఇద్దరాడపిల్లల్లో ఒకతె, ఎన్నడూ నోరెత్తనిది. “ఇద్దరు కూడబలుక్కుంటే ఒక్కటే రాసేటోళ్లు గద సార్? కొట్లాడుతుండ్రంటే ఇద్దరు చూసినట్టే.”

హెడ్మాస్టరు గారు టి.సి.ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నారు. చెప్పకుండా బడి మానినందుకు పోశెట్టి వారం రోజులు గంటకు బదులు రైలుపట్టా ముక్క కొట్టాలన్నారు. నాకు మెమో వచ్చింది, ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. ఆ గంట ఎవరు తీశారో నేను చూడలేదు, గుర్తులూ దొరకలేదు, ఎవరూ చెప్పలేదు. కనుక నాకు తెలియదు.

తర్వాత ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పాను. ఇద్దరు సాక్షుల మాట కలవకపోయినా ఇద్దరూ అక్కడ ఉండి ఉండవచ్చని లక్ష్మీబాయి దగ్గర నేర్చుకున్నదాన్ని ఆమె పేరు పెట్టే చెప్పేవాణ్ణి. నా దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. పోశెట్టి దొంగ కాడని తెలుసుకోవడానికి నేను కళ్లారా చూసిందే చాలు, గురువారం పొద్దున్నే తెలుసు. అయినా శుక్రవారం సాయంత్రం దాకా వాణ్ణి ఆ బడిలో దొంగగానే తిరగనిచ్చాను.