తాబేలు పక్కన మబ్బు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకూ ఉండేది కాదు. కాకినాడ నుంచి వచ్చి, కొత్తగూడలో కిరాయి గదిలో దిగి, హైటెక్ సిటీలో పిల్లల కథల యాప్ చేసే ఓ చిన్న కంపెనీలో బొమ్మల కింద కథలు రాసే పనిలో చేరాను. నా కథలకు బొమ్మలు వేసేది అక్క. (సొంత అక్క కాదు. జీడిమెట్ల నుంచి వచ్చే ఆవిడను ఆఫీసంతా అక్కా అనే పిలిచేది.) అందరూ కంప్యూటర్ మీద గీస్తుంటే ఆవిడొక్కతే కాగితం మీద నీటిరంగులతో వేసేది. ఆ పద్ధతికే ఎసరొచ్చింది. ఆ రోజు చూపించబోయే బొమ్మ క్లయింటుకు నచ్చకపోతే ఇక నీటిరంగులు ఉండవని మేనేజరు ముందే చెప్పేశారు.

ఆ బొమ్మలో రెండు హంసలు కర్రను చెరోవైపు ముక్కున కరుచుకుని ఎగురుతున్నాయి. మధ్యలో తాబేలు నోటితో పట్టుకుని వేలాడుతోంది. దాని వెనక కాళ్లు, ఇంకా నేల అందుతుందేమోనని గాలిలో తడుముకుంటున్నట్టున్నాయి. పొద్దుటి నుంచీ నా చూపు వాటి మీదే ఉంది.

క్లయింటు తరఫున వచ్చిన పెద్దాయన బొమ్మను చూసి, గడియారం చూసుకున్నారు. మేనేజరు నన్ను మాట్లాడమన్నారు. కాళ్ల గురించి చెబితే చిన్నతనంగా ఉంటుందనిపించి, తాబేలు పక్కనున్న గోధుమరంగు మరకను చూపించాను. "ఈ మబ్బు చూడండి సార్. తాబేలు మనసులో భయమే ఆకాశానికి అంటుకుందండి" అన్నాను. అక్క తల దించుకుంది. ఆవిడ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని నా కళ్లూ చెమ్మగిల్లాయి. పెద్దాయన దగ్గరకెళ్లి చూసి, తలూపి, మిగతా బొమ్మల్లోనూ అలాంటి మబ్బు ఉండాలన్నారు.

వాళ్లు వెళ్లాక అక్క నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

"తమ్మీ, అది మబ్బు గాదు. పొద్దుగాల చాయ్ ఒలికింది. మళ్ల ఎయ్యనీకి టైం లేకుండె. ఇగ అన్ని బొమ్మల మీద చాయ్ పొయ్యాలె."

నేను బిక్కమొహం వేశాను. పోనీలెమ్మని, నీకు నిజంగా ఏం నచ్చిందని అడిగింది.

"కాళ్లక్కా. చూస్తుంటే పడిపోతుందేమోనని భయమేసింది."

అక్క నవ్వు ఆపేసింది. ఆ కాళ్లు కుదరకే ఎన్నో కాగితాలు చింపిందట. "గా మాట సార్ ముందల జెప్తే సరిపోతుండె గద" అని మెల్లగా అంది.

అప్పటి ఆ కుర్రాడు, అంటే నేనే, ఇప్పుడు ఎదురుపడితే కూర్చోబెట్టి కడుపునిండా టిఫిన్ పెట్టించాలనిపిస్తుంది. పాపం, వాడిలా తెలియని దాని గురించి అంత మనస్ఫూర్తిగా నమ్మి మాట్లాడటం నాకిప్పుడు చేతకాదు.