తిట్టు కోసం ఆగిన పాట

మా ఎల్లాజీ అన్నయ్యకు గిటారు వాయించడం వచ్చు, పాట కట్టడం వచ్చు, మధురవాడలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళ చేత ఈలలు వేయించుకోవడం వచ్చు. తాడు లాగడం ఒక్కటే రాదు. యారాడలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

మా ఊళ్ళో పెద్దవల వేస్తే అందరూ ఒడ్డుకు రావాలి. పడవ వెళ్ళి సముద్రంలో వలను అరచుట్టుగా దింపి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళు పట్టుకుని రెండు వరసలుగా నిలబడతాం. ముఖం సముద్రం వైపు, నడక వెనక్కి. అన్నయ్య పట్టుకున్న చోట తాడు బిగిసేది కాదు. రెండు పట్లు లాగి అరచేతులు తిప్పి చూసుకునేవాడు.

"సేతులు సూసుకుంటన్నావేటిరా, జాతకం సెప్తావా?" అని వాళ్ళ నాన్న అరిచేవాడు. ఆయన పేరు జగ్గయ్య. నాకు పెదనాన్న.

ఒకరోజు విసుగొచ్చి ఆయనే అన్నాడు: "నువ్వు తాడొగ్గీరా. నోరుంది గదా, నోరు లాగు."

అలా అన్నయ్య వరస పక్కన నిలబడి పాట చెప్పేవాడయ్యాడు. ఒక ముక్క తను పాడతాడు, మిగిలినవాళ్ళు "ఐలేసా" అని ఒక్క పట్టు లాగుతారు. పాత ముక్కలు నాలుగు రోజుల్లో అయిపోయాయి. తర్వాత తాడు పట్టుకున్నవాళ్ళ మీదే కట్టడం మొదలెట్టాడు. ఎవరి మీద పాట వస్తే వాళ్ళకు కోపం. రానివాళ్ళకు ఇంకా కోపం. పెదమ్మ గంగాలమ్మ పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు బేరం ఆడుతుంటే కొట్టువాడికి నిద్రపట్టి, లేచి, భోజనం చేసి వచ్చేసరికి కూడా బేరం సాగుతూనే ఉందని ఒక పాట. పెదమ్మ చీపురు తీసుకుని వెంటపడింది. మర్నాడు మార్కెట్లో ఆ పాట తనే పాడి వినిపించి, ఉల్లిపాయలు తక్కువకు తెచ్చుకుంది.

పగలు అన్నయ్య మధురవాడ వెళ్ళి బండి మీద అన్నం పొట్లాలు అందించేవాడు. గిటారు అక్కడే ఎవరో వాడి వదిలేసింది కొన్నాడు. ఒక తీగ తెగితే గేలానికి కట్టే నైలాన్ తాడు బిగించాడు. పెదనాన్న గేలాలు సర్దుకుంటూ, "నా తాడేదిరా?" అని ఇల్లంతా వెతికేవాడు. అన్నయ్య ఆ తీగనే మీటుతూ, "ఇదిగో అయ్యా, పలుకుతోంది" అనేవాడు. మిగతా తీగలు ఇంగ్లీషు మాట్లాడతాయట, అదొక్కటే మన యాసలో మాట్లాడుతుందట.

పొట్లాలు అందించే చోటే సాయిశంకర్, దేవిశ్రీ పరిచయమయ్యారు. ఆఫీసు ఉద్యోగాలు, సాయంత్రాలు సంగీతం. అతను డ్రమ్ములు, ఆమె కీబోర్డు. ముగ్గురూ కలిసి 'ఉప్పుగాలి' అని బ్యాండు పెట్టారు. మొదటిసారి తమ పాట ఫోన్లో పెద్ద శబ్దంతో పెట్టినప్పుడు పెదమ్మ హడలిపోయింది.

"ఎవులు కొట్టార్రా నిన్ను? అంతలాగ అరుత్తన్నావు!"

"రాక్ అంటే అంతేనమ్మా. కడుపులోంచి రావాల."

"అయితే అన్నం తిని అరుసుకో. ఉత్త కడుపుతో ఏటొత్తాది?"

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. అమ్మకు ఒంట్లో బాగోలేక చేపలు ఎండబెట్టే పని నా మీద పడింది. మాట్లాడటం నాకు ముందునుంచీ తక్కువే, బడి మానేశాక ఇంకా తగ్గింది. మా చేపల పందిరి అన్నయ్యవాళ్ళ అరుగు ఎదురుగా ఉండేది కాబట్టి కొత్త పాట ముందు నాకే వినిపించేవాడు. నేను బాగుందనను, బాగోలేదనను. "ఈ గుంట సేపలు తిప్పడం ఆపిందంటే పాట తగిలినట్టు. తిప్పుతూనే ఉందంటే సింపేయాల" అని నా గురించి బ్యాండు వాళ్ళకు చెప్పాడట. అప్పటినుంచీ నాకు చేపలు తిప్పాలన్నా సిగ్గే. నా మీద కూడా ఒకటి కట్టాడు. అందులో మాటలు లేవు, గిటారు మోత ఒక్కటే. "నీ మీద మాటలు పెడితే నిజం కాదు గదా" అన్నాడు.

ఆఖరిగా కట్టింది పెదనాన్న మీద.

పెదనాన్న తిట్లు తెలియనిదే ఆ పాట అర్థం కాదు. ఆయన ఇంజనును తిడతాడు, గాలిని తిడతాడు, వల మీద పడుకున్న కుక్కను తిడతాడు, ఆ కుక్కను పెంచినవాళ్ళ తాతను తిడతాడు. ఎవరికీ బాధ ఉండేది కాదు. పొద్దున్నే ఆయన గొంతు వినబడకపోతే, ఒంట్లో ఎలా ఉందో అని ఇంటికొచ్చి చూసేవాళ్ళు.

ఆ రోజు అన్నయ్య అరుగు మీద కూర్చుని, పెదనాన్న లేడని రెండువైపులా చూసుకుని పాడాడు:

*మా అయ్య అరిసేడంటే మబ్బు ఇంటికెళ్ళిపోద్ది*
*మా అయ్య తుమ్మేడంటే ఓడ దారి మారిపోద్ది*
*ఎవులి మీద నీ కోపం? గాలి మీదా, నీటి మీదా?*
*తాడు లాగలేని ఈ కొడుకు మీదా?*

అక్కడ టక్కున ఆపేశాడు. నేను చేప చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"అయిపోలేదే. ఇక్కడ మా అయ్య తిడతాడు. అది నాను రాయలేను, అంత బాగా రాదు. మధురవాడ ప్రోగ్రాముకి ఏదో సెప్పి తీసికెల్లి మైకు ముందర నిలబెడతాను. ఈ పాట పాడతాను. తిట్టకుండా ఉండగలడా? ఆ తిట్టుతోనే పాట అయిపోద్ది." తన తెలివికి తనే మురిసిపోయి గిటారు మీద చిన్న దెబ్బ వేశాడు.

ఆ వారంలోనే తుఫాను వానలు పట్టుకున్నాయి. పని ముగించుకుని వస్తుంటే కొండ మలుపులో బండి జారింది. అన్నయ్యకు ఇరవై నాలుగేళ్ళు. దీని గురించి ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

అప్పటినుంచీ పెదనాన్న తిట్టడం మానేశాడు. వేటకు వెళ్ళేవాడు, వచ్చేవాడు, వల బాగుచేసుకునేవాడు. కుక్క వల మీద పడుకుంటే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఒకనాడు పెదమ్మ కావాలనే పులుసులో ఉప్పు కుమ్మరించి పెట్టింది. ఆయన మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కున్నాడు. పెదమ్మ మా పందిరి కిందకి వచ్చి నా పక్కన కూలబడింది. "రెండు గరిటిలే గుంటా! ఒక్క మాటనలేదు" అని ఏడ్చింది.

ఏడాది దగ్గరపడ్డప్పుడు సాయిశంకర్, దేవిశ్రీ వచ్చారు. సంవత్సరీకం అయ్యాక వచ్చే ఆదివారం సాయంత్రం ఒడ్డునే అన్నయ్య పాటలు వాయిస్తామన్నారు. పెదనాన్న తల ఊపాడు. తర్వాత ఇద్దరూ నా పందిరి దగ్గరికి వచ్చారు.

"ఆఖరి పాట ఒకటి ఉందన్నాడు ఈశ్వరీ. నీకొక్కదానికే వినిపించాడట," అంది దేవిశ్రీ. "ఫోన్లో ఒక్కసారి పాడితే చాలు. మేం నేర్చుకుంటాం. లేకపోతే అది ఇంక ఉండదు."

నేను చేపలు తిప్పాను. ఇద్దరి ముందు కూడా నా గొంతు రాదు, అది ఒకటి. రెండోది, వచ్చినా ఆ పాట ఎలా పాడను? ఒడ్డున వీళ్ళు వాయించి ఆఖరి ముక్క దగ్గర ఆపితే, తిట్టవలసిన మనిషి తిట్టకపోతే, ఆ ఖాళీలో ఏముంటుంది? కొడుకు పోయినాయన్ని అందరూ చూస్తుండగా వెక్కిరించినట్టు ఉంటుంది, అంతే. సాయిశంకర్ నా చేతుల వంక చూసి, "నువ్వు తిప్పడం ఆపితే బాగున్నట్టని చెప్పేవాడు. తిప్పుతూనే ఉంటే ఏమనుకోవాలి?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ తల ఎత్తలేదు.

ఆదివారం ఇసకలో కుర్చీలు వేశారు, జనరేటరు పెట్టారు. మా వాళ్ళు దీన్ని భోజనాల పిలుపు అనుకున్నారు. పెదమ్మ వంజరం పులుసు చేసి బ్యాండు వాళ్ళను కదలలేనంతగా తినిపించింది. సాయిశంకర్ బెల్టు వదులు చేసుకుని డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. ఉల్లిపాయల బేరం పాటకు అందరూ పెదమ్మను చూసి నవ్వారు. పెదనాన్న ముందు వరసలో, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మూడో పాట మధ్యలో, కొండ అంచున నిలబడి చేపల జాడ చూసే ఎల్లారావు చొక్కా విప్పి గాల్లో తిప్పాడు. "కవళ్ళొచ్చేయ్! కవళ్ళు!"

నీళ్ళ మీద నల్లటి మచ్చ కదులుతోంది. చేపలే, మందకు మంద. ఇంకేముంది, కుర్చీలు పడ్డాయి, జనం పడవ వైపు పరిగెత్తారు. పాట ఒంటరిగా రెండు ముక్కలు నడిచి ఆగింది.

"ఏమైంది? మేం బాగా వాయించలేదా?" అన్నాడు సాయిశంకర్, ఖాళీ కుర్చీల వంక చూస్తూ.

"బాగుంది బాబూ! సేప ఆగదు గదా!" పెదమ్మ చీర ఎగ్గట్టి పరిగెడుతూనే అరిచింది. "సూత్తన్నావేటి, రా, తాడట్టుకో!"

వల పడింది. మా వరసకు ముందు పెదనాన్న, మధ్యలో పెదమ్మ, సాయిశంకర్, దేవిశ్రీ, అందరికంటే వెనక నేను. బరువు విపరీతంగా ఉంది. పాట చెప్పేవాడు లేడు. ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్ళు లాగుతున్నారు. అవతలి వరస ముందుకుపోతోంది, మాది జారుతోంది. వల ఒక పక్కకు ఒరిగితే చేప అంతా తప్పించుకుంటుంది.

నా ముందు వీపులే ఉన్నాయి. అందరూ సముద్రం వైపు చూస్తున్నారు. నన్ను చూసే కన్ను ఒక్కటి లేదు.

"మా అయ్య అరిసేడంటే..." అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది. ఎవరూ తిరగలేదు. "...మబ్బు ఇంటికెళ్ళిపోద్ది!"

"ఐలేసా!" అన్నాయి వీపులు. తాడు బిగిసింది.

"మా అయ్య తుమ్మేడంటే ఓడ దారి మారిపోద్ది!"

"ఐలేసా!" ఈసారి నవ్వు కలిసింది. ఆ మాటలు ఎవరివో, ఎవరి మీదో అందరికీ తెలిసిపోయింది. పెదమ్మ వీపు ఒక్కసారి కదిలి నిలిచింది. పెదనాన్న వీపు కదలలేదు. ఆపేద్దామా అనుకున్నాను. ఆపితే తాడు జారుతుంది.

"ఎవులి మీద నీ కోపం? గాలి మీదా, నీటి మీదా?"

"ఐలేసా!"

"తాడు లాగలేని ఈ కొడుకు మీదా?"

ఆగాను. ఎవరూ ఐలేసా అనలేదు. కొందరు నవ్వు పట్టలేక, కొందరు ఏడుపు పట్టలేక చేతులు వదులు చేశారు. తాడు జర్రున జారింది. సాయిశంకర్ బోర్లాపడ్డాడు.

"పట్టండ్రా!" పెదనాన్న తిరిగాడు. ముఖమంతా తడి. "పట్టండ్రా సన్నాసుల్లారా! కోటప్పకొండ తిరునాళ్ళనుకున్నారేటి? ఉన్నప్పుడూ ఒక్క పట్టు లాగనియ్యలేదు, పోయినాకా లాగనియ్యడు, పాటట పాట! ఆ బెల్టు బాబుని లేపండ్రా, తాడు కింద పడి సత్తాడు! నవ్వుతన్నావేటే గంగాలూ, ఉప్పు కుమ్మరించినోళ్ళని నాను మర్సిపోలేదు!"

మళ్ళీ అందరం ఒక్క పట్టు పట్టాం.

వల ఒడ్డుకొచ్చాక, కవళ్ళు ఇసక మీద ఎగురుతుంటే, సాయిశంకర్ మోచేతుల నిండా ఇసకతో నా దగ్గరికి వచ్చాడు. "ఆఖర్లో ఆ ముక్క ఎవరు రాశారు?"

"రాయలేదు," అన్నాను. అతనితో నేనన్న మొదటి మాట అదే. "అక్కడ అదే రావాలన్నాడు."

అతను నా వంకా పెదనాన్న వంకా చూసి, గబగబా ఫోను తీసి ఆయన దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యగారూ, ఇంకొక్కసారి అలాగే తిట్టండి. రికార్డు చేసుకుంటాను."

"అడిగితే తిట్టడానికి నాను రేడియోనేటి?" అన్నాడు పెదనాన్న. "ముందు ఆ బుట్టట్టుకో. అలాగ కాదు, తిన్నగా! ఈడూ ఆడి లాంటోడే దొరికేడు నా పేణానికి!"

సాయిశంకర్ తిన్నగా పట్టుకున్నాడు. జేబులో ఫోను రికార్డు చేస్తూనే ఉంది.