ఎడమ కనుబొమ్మ

ఆ హాస్యనటుడు రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని, అద్దం ముందు నిలబడి ఎడమ కనుబొమ్మను పైకీ కిందికీ ఆడిస్తాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంటికి అన్నం పెట్టింది దేవుడిచ్చిన ఆ కనుబొమ్మే. ఇప్పుడాయనకు మొదటిసారి నవ్వించనక్కర్లేని వేషం దొరికింది. నాటకంలో దేవుణ్ణి మరిచిపోయిన ముసలాయన వేషం అది; చివరి రంగంలో చేతులు జోడించి, "స్వామీ, మళ్ళీ వచ్చాను" అనాలి. అంతే. కానీ ఆ మాట అనబోతే చాలు, కనుబొమ్మ తనంతట తానే లేచేది. తెర లాగేవాడితో సహా అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. చివరికి దానిమీద పట్టీ అతికించుకుని రిహార్సల్‌కి వెళ్తే ఇంకా నవ్వారు. "రేపూ ఇంతే అయితే వేషం ఇంకొకరికిస్తాను బావా, ఏమనుకోకు" అన్నాడు దర్శకుడు కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి, పట్టీ అయినా తీయకుండా వంటగది గడప దగ్గర చతికిలబడ్డాడు. భార్య రోజూ పొయ్యి వెలిగించే ముందు తడిచేతులతోనే దండం పెట్టుకుని కాసేపు నిలబడుతుంది. ఆ నిలబడటాన్ని అనుకరించి పిల్లల్ని ఎన్నిసార్లు నవ్వించాడో ఆయనకే తెలియదు.

"రేపు నువ్వు దండం పెట్టుకునేటప్పుడు నన్నూ పిలుస్తావా?"

"ఎందుకూ, చూసి నేర్చుకెళ్ళి అక్కడ ఆడడానికా?" అందామె గిన్నె తుడుస్తూ.

"చూడనులే. నేనూ కళ్ళు మూసుకుంటాను. పక్కన కాస్త చోటివ్వు, చాలు."