రెండు బొమ్మల మధ్య పడుగు

హిందూపురం గ్రంథాలయంలో కంప్యూటర్ వ్యవస్థల రూపకల్పన మీద ఇంగ్లీషు పుస్తకాలు రెండే ఉండేవి. నిఘంటువు పక్కన పెట్టుకొని రెండూ చదివాను. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. సమాచారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో గీయమంది మొదటి పుస్తకం. వస్తువులేవి, వాటి మధ్య సంబంధాలేమిటో గీయమంది రెండోది.

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి, నేతవాళ్లకిచ్చే పడుగుల, అంటే మగ్గానికి నిలువునా ఎక్కించే పోగుల, వివరాలు కంప్యూటర్‌లో పెట్టమన్నప్పుడు రెండు బొమ్మలూ గీశాను. దేని పుస్తకంతో దాన్ని సరిచూసుకున్నాను. రెండో బొమ్మ ప్రకారం ఒక మగ్గానికి ఒకటే పడుగు. పాతది ముగిసిందని రాయందే కొత్తది ఇవ్వడానికి వీల్లేదు. వ్యాపారికి అది తెగ నచ్చి, కంప్యూటర్ ఒప్పుకోనిదే గోదాములోంచి పోగు కదలకూడదన్నాడు.

కంప్యూటర్ పెట్టిన మొదటి వారమే కొత్త పడుగు కోసం ఒక నేతగత్తె వచ్చి కూర్చుంది. ఆమె మగ్గం మీద పాత పడుగు కొస ఉంది. ఆ పోగులకే కొత్త పోగులు ఒక్కొక్కటీ అతికి లాగుతారు. కోసేస్తే అన్నిటినీ మళ్లీ మగ్గం అచ్చు పళ్ల సందుల్లోంచి దూర్చుకోవాలి, రోజులు పోతాయి. కొత్తది అతికితేగానీ పాతది ముగియదు. పాతది ముగిస్తేగానీ కంప్యూటర్ కొత్తది ఇవ్వదు.

“మగ్గం నిలబెట్టుకొని నీ కంప్యూటర్‌ను చూస్తా కూచోమంటావా నాయనా?” అంది.

ఈ ఒక్కసారికి చేత్తో రాసి ఇమ్మని వ్యాపారిని బతిమాలాను. “నువ్వేసిన తాళమే గదప్పా. తీసినంక రైలెక్కు,” అన్నాడు నవ్వుతూ.

గోదాము పక్కన, ఫ్యాను లేని కంప్యూటర్ గదిలో పుస్తకాల్లోని మాటలన్నీ గుర్తు చేసుకున్నాను. ఏదీ పనికిరాలేదు. చివరికి మొదటి బొమ్మ కాగితం పైన, రెండోది కింద పెట్టి, రెండూ కలిసి కనబడేలా కిటికీ అద్దానికి ఆనించాను. మొదటి బొమ్మలో కొత్త పడుగు బాణం ముందు, పాతదాని ముగింపు తర్వాత. రెండో బొమ్మలో ఒకే మగ్గం మీద రెండు పడుగులకు చోటే లేదు. దేనికది సరైనదే. కలిపి చూస్తే దారి మూసుకుపోయింది. ఏ పడుగును ఏ పడుగుకు అతికారో చెప్పే సంబంధం ఒకటి చేర్చి, అతికినంత కాలం రెండూ ఒకే మగ్గం మీద ఉండేలా మార్చాను.

ఆమె పడుగు చంకన పెట్టుకొని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. పెనుకొండ మీదుగా హిందూపురం పోయే రైలు కూత వినబడింది. నేను లేచాను.

“రేపు నేసిన చీరలు తెచ్చేవాళ్లొస్తారు. అదీ ఇట్లే చూసి పో,” అన్నాడు వ్యాపారి.

మళ్లీ అద్దం దగ్గరికి పోయి, చీర తిరిగొచ్చే బాణం వెంట వేలు పెట్టి చూశాను. కింది కాగితంలో అది ఏ వస్తువు దగ్గరా ఆగలేదు; చీర అనే వస్తువునే నేను గీయలేదు.