మామయ్య ఇంట్లో లేని రెండు రోజులు

మొన్న కొరియర్ తెచ్చే మనిషి రాంగోపాల్‌పేట్ సందుల్లో తిరిగి తిరిగి ఫోన్ చేశాడు. "మేడమ్, ల్యాండ్‌మార్క్ ఏదన్న చెప్పుండ్రి" అన్నాడు. ఏళ్ల తరబడి చెప్పిన మాటే నోటికొచ్చింది. "ఎమ్మెల్యేగారి ఇల్లెక్కడ అని అడుగు, ఎవరైనా చూపిస్తారు." అవతల ఆటోల రొదలో అతను ఎవరెవరినో అడగడం వినిపించింది. తర్వాత అతను ఎంతో మర్యాదగా, "ఏ ఎమ్మెల్యే మేడమ్? ఈడ ఎవ్వర్ని అడిగినా ఎర్కలేదంటున్రు" అన్నాడు. చివరికి మూలమీది మందుల దుకాణం గుర్తు చెప్పి రప్పించుకున్నాను. పొట్లం తీసుకుని తలుపు వేశాక ముందుగదిలో అలాగే నిలబడిపోయాను. ఒకప్పుడు ఈ గదిలో పొద్దున ఏడింటికే కూర్చోవడానికి చోటు దొరికేది కాదు.

మా మామయ్య, అంటే నా భర్త తండ్రి, రెండుసార్లు ఎమ్మెల్యే. అంతకుముందు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా, యూనియన్ నాయకుడు. నేను కోడలిగా వచ్చిన నెలకే నా దస్తూరీ చూసి, "ఇగ ఉత్తరాల పని నీదే బిడ్డా" అన్నారు. ఆసుపత్రిలో మంచానికి, కాలేజీలో సీటుకు, నల్లా కనెక్షన్‌కు సిఫారసు ఉత్తరాలు రాసి, తర్వాత పాఠాలు చెప్పడానికి నా బడికి వెళ్లేదాన్ని. ఆయన తీరిక దొరికినప్పుడు ఖాళీ లెటర్‌హెడ్ల మీద వరసగా సంతకాలు పెట్టి నా సొరుగులో పడేసేవారు. ఒకసారి ఒకే వాచ్‌మన్ ఉద్యోగానికి ముగ్గురిని 'నాకు అత్యంత ఆప్తుడు' అని రాసి పంపాను. ఆ ముగ్గురూ ఆఫీసు వరండాలో కలుసుకుని, ఉత్తరాలు పోల్చి చూసుకుని, కలిసే మా ఇంటికి వచ్చారు. మామయ్య కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ముగ్గురికీ చాయ్ పోయించారు.

అంతమందిలో ఏమీ అడగని మనిషి ఒక్కడే ఉండేవాడు. వర్క్‌షాపులో ఫిట్టర్. మేము ఫిట్టర్ కాక అనేవాళ్లం. మొదటి ఎన్నికలో సైకిల్‌కు మైకు కట్టుకుని, గొంతు పోయేదాకా లాలాగూడ క్వార్టర్లన్నీ తిరిగాడు. మేము చిన్నమ్మ అని పిలిచే ఆయన భార్య కార్యకర్తలకు రోజూ గంపెడు పులిహోర కలిపి పంపేది. మొగుడూపెళ్లాలిద్దరూ మామయ్యను 'అన్న' అనేవాళ్లు.

రెండోసారి గెలిచిన మరుసటి ఏడు మామయ్య పార్టీ మారాలనుకున్నారు. బేరం తేలేదాకా రెండువైపులవాళ్ల కంటా పడకూడదని వెనక గదిలో ఉండిపోయారు. "ఎవరొచ్చినా ఊళ్లె లేనని చెప్పు. ఉత్తరం సుత రాయకు బిడ్డా, తారీఖు చూస్తే ఈడనే ఉన్ననని తెలుస్తది" అన్నారు.

ఆ పొద్దునే కాక వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"అన్న ఉన్నడా బిడ్డా? మీ చిన్నమ్మకు మస్తు తక్లీఫున్నది. పెద్దాసుపత్రిల మంచం లేదంటున్రు. అన్న చిట్టీ ఉంటే చేర్చుకుంటరంట."

"లేరు కాకా, ఊరికి పోయిండ్రు" అన్నాను.

సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి మామయ్య దగ్గు వినిపించింది. కాక పరదా వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "అచ్ఛా. వస్తే జెర చెప్పు బిడ్డా" అని మెట్లు దిగాడు. సొరుగు నా చేతికిందే ఉంది. సంతకం చేసిన కాగితాలు అందులోనే ఉన్నాయి. రాయాల్సింది నాలుగు వాక్యాలు. పెద్దల మాట దాటని కోడలినని అప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాక వచ్చాడని చెబితే మామయ్య తల దించుకుని, "రేపు చూద్దాం" అన్నారు. మర్నాడు కాక గేటు దగ్గరే ఆగి, "ఇంక రాలేదా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. మూడోనాడు మామయ్య కొత్త రంగు కండువాతో బయటికి వచ్చారు. ఆ సాయంత్రమే లాలాగూడ నుంచి కబురొచ్చింది. చిన్నమ్మ ఆసుపత్రి వరండాలోనే పోయింది. చిట్టీ ఉంటే బతికేదా అని ఏ డాక్టరునూ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాతి ఎన్నికలో ఊరేగింపు లాలాగూడ చేరినప్పుడు మామయ్య జీపు దిగి కాక ఇంటికి వెళ్లారు. ఆడవాళ్లతో కలిసి నేనూ వెనకే ఉన్నాను. కాక కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు. ఎవరూ అడగకుండానే మామయ్య, "ఆ రోజు నేను ఊళ్లె లేనురా" అన్నారు. "ఎర్కే అన్నా" అన్నాడు కాక. అంతే. మామయ్య గ్లాసు సగంలోనే దించేశారు. తిరిగి జీపెక్కాక ఆ వీధిలో ఎవరికీ చెయ్యెత్తి దండం పెట్టలేకపోయారు. ఆ ఎన్నికలో ఓడిపోయారు, మళ్లీ నిలబడలేదు. జనం రావడం తగ్గి, ఆగిపోయింది. గేటు కిర్రుమంటే చాలు, "ఎవరొచ్చిండ్రు? ఉన్ననని చెప్పు బిడ్డా" అనేవారు. వచ్చింది పాలవాడో, గాలో అయ్యేది. మంచాన పడ్డ చివరి ఏడాదిలో ఏ చప్పుడూ లేకపోయినా అదే మాట. నేను గేటుదాకా వెళ్లి, ఆయనకు వినబడేలా ఖాళీ వీధికి చెప్పేదాన్ని: "ఉన్నరు, రాండ్రి."

మామయ్య పోయి, దినాలయ్యాక ఒక్కదాన్నే లాలాగూడ వెళ్లాను. కాక బాగా ముసలివాడయ్యాడు. మంచం మీద నాకు చోటిచ్చాడు. అంతా చెప్పేశాను, సొరుగులో కాగితాల సంగతితో సహా.

"నాకు ఎర్కే బిడ్డా," అన్నాడు కాక. "మీ చిన్నమ్మ అడిగింది, అన్న ఏమన్నడని. చిట్టీ రాసిచ్చిండు, ఇగ లోపలికి తీసుకుంటరు అని చెప్పిన. ఖుషైంది. మన అన్న మనల్ని ఇడువడు అన్నది. గా మాట మీదనే కండ్లు మూసింది." మంచం పట్టె మీద చెయ్యి ఆనించి, "నేను సుత అబద్ధమే చెప్పిన గదా" అని, చాయ్ పెట్టడానికి లేచాడు.

ఇప్పుడు కాక కూడా లేడు. మామయ్య పదవిని, ఆ జెండాలను, ఆ జనాన్ని కాలం ఎప్పుడో తన దారిన తీసుకుపోయింది. నాకు మాత్రం కాక మెట్లు దిగిన ఆ పొద్దు ఇంకా మధ్యాహ్నం కాలేదు.